వట్టి చేతులతో ములాఖాత్

ఆమె పోయిందన్న సంగతి నాకు ఫోన్లో తెలిసింది. కరోనా రెండో ఏడు ఎండాకాలం. మా లింబాయత్ పేట తెలుగువాళ్ల గ్రూపులో ఆ రోజుల్లో పొద్దున లేస్తే ఎవరిదో ఒకరి ఫొటో ఉండేది. ఆ రోజు ఆమెది. ఆధార్ కార్డు మీది బొమ్మను పెద్దది చేసి చుట్టూ బంతిపూల దండ అతికించారు. మామూలుగా అలాంటి ఫొటోల్లో మనుషుల కళ్లు ఎటో చూస్తుంటాయి. ఈమె కళ్లు మాత్రం సూటిగా నా మొహంలోకే చూస్తున్నాయి. ఫోన్ బోర్లా పెట్టి, చల్లారిన చాయ్ అలాగే తాగేశాను.

ఆమె పేరు రాయను. ఆ పేరు పెట్టి పిలిచినవాళ్లను నేనెప్పుడూ చూడలేదు. జైలు గేటు దగ్గర పోలీసులు "బెన్" అనేవాళ్లు, గుజరాతీలో సోదరి అని. బయట షెడ్డులో కూర్చున్నవాళ్లు "అక్క" అనేవాళ్లు. నేను "చెల్లె" అనేవాణ్ని.

నేను ముప్పై ఏళ్లకు పైగా మున్సిపాలిటీ తెలుగు మీడియం బడిలో పంతులుగా ఉన్నాను. మగ్గాల షెడ్లలో పనికి తెలంగాణ నుంచి ఈ గుజరాతీ ఊరికి వచ్చినవాళ్ల పిల్లలకు అక్షరాలు దిద్దించడం నా పని. రిటైరయ్యాక ఒక సేవాసంఘం వాళ్లు వచ్చి, జైల్లో తెలుగు ఖైదీలు కొందరున్నారు, చదువు రాదు, వారానికి రెండు రోజులు వచ్చి నేర్పుతారా అని అడిగారు. ఇంట్లో కూర్చుని విసుగెత్తి ఉన్నాను. సరేనన్నాను.

జైలు ఊరి బయట. లోపలికి పోవడానికి నా వంతు వచ్చేదాకా గేటు ముందు రేకుల షెడ్డులో కూర్చునేవాణ్ని. ములాఖాత్ కోసం, అంటే లోపలున్న తమ మనిషిని చూడడం కోసం వచ్చినవాళ్లంతా అక్కడే కూర్చునేవాళ్లు. గుజరాతీ రాయడం రానివాళ్లు నా చేతిలో పెన్ను చూసి దగ్గరికొచ్చేవాళ్లు. అలా వచ్చినవాళ్లలో ఆమె ఒకతె.

"సార్, జర గీ ఫారం నింపుండ్రి."

నలభై ఐదేళ్లుంటాయేమో. కొంగు నడుముకు బిగించి దోపింది. చూపుడువేలు మీద సన్నటి గీతలు, ఒకదాని మీద ఒకటి. కండెలు చుట్టే ఆడవాళ్లకు దారం కోసి పడే గీతలవి. మా బడికొచ్చిన తల్లులందరి చేతులకూ చూశాను. ఖైదీ పేరు చెప్పింది. సంబంధం ఏమని రాయాలమ్మా అన్నాను.

"అక్క. సొంత అక్క. సొంత అన్న మాట ఇడిసిపెట్టకుండ్రి."

షెడ్డులో ప్రతివాళ్ల చేతిలో ఏదో ఒకటి ఉండేది. ఉతికిన బట్టలు, అరటిపండ్లు, మందుల చీటీ, చంకలో పిల్ల. ఈమె మాత్రం ఎప్పుడూ వట్టి చేతులతో వచ్చేది. అయినా వరుసలో అందరికంటే ముందు ఆమే. లింబాయత్‌లో తెల్లారగానే షేరింగ్ ఆటో ఎక్కి, ఆ పైన బస్సు పట్టుకుని, గేటు తెరవకముందే వచ్చి నిలబడేది. జ్వరం వచ్చినా మానలేదు. వాన పడినా మానలేదు. పిలుపు వచ్చే ముందు కొళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కుని, కొంగుతో కళ్లు రెండూ జాగ్రత్తగా తుడుచుకునేది. ఎందుకు చెల్లె అంత శ్రద్ధ అని ఒకసారి అడిగాను.

"కండ్లు సాఫ్ ఉండాలె గద సార్. తమ్ముణ్ని చూస్తందుకు పోతున్న."

నేను కరిగిపోయాను. ఆ వారం మా ఇంట్లో చెప్పాను, అక్కంటే ఇలా ఉండాలి అని.

షెడ్డులో అందరికీ ఆమె దిక్కు. కొత్తగా వచ్చినవాళ్లకు ఏది లోపలికి పోనిస్తారో, ఏది పోనివ్వరో చెప్పేది. "పైజామాకు నాడా ఉంటే ఇయ్యరమ్మా, తీసెయ్యి. స్టీలు డబ్బా వద్దంటరు." ఏడ్చేవాళ్లకు నీళ్లు తెచ్చిచ్చేది. ఒక ముసలాయనకు చెవులు వినబడవు, ఆయన వంతు వచ్చిందని పోలీసు పిలిస్తే ఆమే పోయి భుజం తట్టి లేపేది. ఇంత మంచి మనిషిని నేను చూడలేదనుకునేవాణ్ని. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను. ఒక్కడి విషయంలో తప్ప ఆమె అందరికీ మంచిదే.

ఆ ఒక్కడు నా క్లాసులోనే ఉన్నాడు.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ముప్పై ఐదు దాటి ఉండవు. చెప్పింది చెప్పినట్టు దిద్దేవాడు. జైల్లో దినమంతా లెక్కల మీదే నడుస్తుంది, మనుషుల లెక్క. పొద్దున బ్యారక్ తాళం తీసి లెక్క, మధ్యాహ్నం మళ్లీ లోపలేసి లెక్క, సాయంత్రం పొద్దు వాలకముందే ఇంకో లెక్క. గేట్లు రెండు. ఒకటి మూసి తాళం పడితేగానీ రెండోది తెరవరు. ఆ రెంటి మధ్య నిలబడ్డ ఆ కాస్త సేపూ నాకు ఊపిరాడేది కాదు. వాళ్లు అందులోనే బతుకుతున్నారు కదా అని మిగతా ఖైదీలంటే జాలి కలిగేది. ఇతనంటే మరీ. ములాఖాత్ రోజు పొద్దున్నించీ తలుపు వైపే చూసేవాడు. "సార్, మా అక్క వచ్చిందా బయట?" అని అడిగేవాడు. వచ్చిందయ్యా, అందరికంటే ముందు నిలబడింది అని నేను సంతోషంగా చెప్పేవాణ్ని. అతను తల వంచుకుని పలక మీద గీసిందే మళ్లీ గీసేవాడు.

ఒకరోజు జైలు ఆఫీసరు నన్ను పిలిపించాడు. ములాఖాత్‌లో మాట్లాడుకునేది అక్కడ కాపలా ఉన్నవాళ్లకు అర్థం కావాలని నియమం. తెలుగు తెలిసిన కానిస్టేబులు సెలవులో ఉన్నాడు. ఈ ఒక్కరోజు మీరు కూర్చుంటారా మాస్టర్‌జీ అన్నాడు. కూర్చున్నాను.

మధ్యలో అద్దం. అటొక ఫోను, ఇటొక ఫోను. ఇరవై నిమిషాలు. అటు పక్క అతను వచ్చి స్టూలు మీద కూర్చుని ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. ఇటు ఆమె కూర్చుంది. ఫోను ముట్టుకోలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని అతన్ని చూస్తూ కూర్చుంది. ఏడవలేదు, కోపంగా కూడా లేదు. బడిలో పిల్లవాడు తప్పు చేసి ఒప్పుకునేదాకా పంతులు చూస్తాడు చూడండి, అలా. పక్క కిటికీల్లో జనం ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు, అద్దానికి చేతులు ఆనిస్తున్నారు. ఈ కిటికీలో చడీ చప్పుడూ లేదు. అతను కాసేపు "అక్కా, అక్కా" అన్నాడు. తర్వాత ఆపాడు. పక్కకు చూశాడు, కిందికి చూశాడు, మళ్లీ తప్పక ఇటు చూశాడు. చెమట కారుతోంది. చివరి నిమిషంలో ఆమె ఫోను తీసింది.

"ఇయ్యాల మీ బావకు ఇష్టమని చింతచిగురు పప్పు చేసిన."

అంతే. ఫోను పెట్టేసి లేచింది.

నాకేమీ అర్థం కాలేదు. బయటికొచ్చేసరికి షెడ్డులో ఒక చిన్నామె, చంకలో బిడ్డ, ఆమె ఎదురుగా నిలబడి బతిమాలుతోంది.

"వదినా, ఒక్క వారం ఇడిసిపెట్టు వదినా. బిడ్డ నడుస్తుంది ఇప్పుడు. ఆయనకు చూపిస్త. ఒక్క వారం."

ఆమె కొంగు సర్దుకుని బస్సు కోసం నడిచింది. అప్పుడు తెలిసింది. ఖైదీకి వారానికి ఒకటే ములాఖాత్. ముందు ఎవరి ఫారం పడితే వాళ్లది. ఈమె ముందొచ్చి నిలబడితే అతని పెళ్లానికి దొరకదు, కూతురికి దొరకదు. నేనే నా చేత్తో ఆ ఫారాలు నింపాను.

నాకు కోపం వచ్చింది. వెనకాలే పోయి బస్టాపులో పట్టుకున్నాను. "ఇదేం పని చెల్లె? వాళ్లనెందుకు ఏడిపిస్తున్నవు? మీ ఆయనకిష్టమైన పప్పు సంగతి వానికెందుకు?"

ఆమె నన్నూ అలాగే చూసింది. తర్వాత చెప్పింది. తొందర లేకుండా, వేరేవాళ్ల ఇంట్లో జరిగినట్టు చెప్పింది.

ఆమె భర్త అమ్రోలీ వైపు ఒక మగ్గాల షెడ్డులో మాస్టర్. మగ్గం చెడిపోతే బాగుచేసేది అతనే. బామ్మర్దిని అతనే ఊరి నుంచి తీసుకొచ్చి పనిలో పెట్టించాడు, తన గదిలోనే ఉంచుకున్నాడు. ఒకసారి బామ్మర్ది నూలు కోన్లు బయటికి దాటేస్తుంటే చూశాడు. రెండుసార్లు నోటితో చెప్పి, మూడోసారి షెడ్డు యజమాని సేఠ్‌కు చెప్పాడు. పని పోయింది. నాలుగో రోజు మధ్యాహ్నం ఈమె భర్తకు టిఫిన్ తీసుకుని షెడ్డులోకి పోతోంది. అతను మగ్గం మీద వంగి ఉన్నాడు. ఆ చప్పుడులో వెనక ఎవరొచ్చిందీ వినబడదు. తమ్ముడు ఇనుప రాడుతో తల వెనక కొట్టాడు. ఒక్క దెబ్బ. చూసింది ఈమె ఒక్కతే. మిగతా మగ్గాల వాళ్లకు చప్పుడు కూడా తెలియలేదు.

"టిఫిన్ డబ్బా చేతిలనే ఉండె సార్. కింద గూడ పడలే. పప్పు గట్లనే ఉండె."

నేను బెంచీ మీద కూర్చున్నాను.

"మా ఇంటాయన మీ దగ్గర సద్వుకున్నడు సార్" అంది. "ఏడో తరగతి దాకా. కిటికీ కాడ కూసుండేటోడట. మీ టేబుల్ ఫ్యాన్ ఖరాబైతే మీకు చెప్పకుంట ఇప్పి బాగుచేసిండట. మీరు కొట్టబోయి, ఫ్యాన్ తిరుగుడు చూసి నవ్విన్రట. ఎన్నిసార్లు చెప్పెటోడో. మీరెవరో నాకు ముందే ఎరుక. అందుకే ఫారం మీకే ఇచ్చిన."

ఆ పిల్లవాడు నాకు గుర్తున్నాడు. పేరు, మొహం, చేతిరాత అన్నీ. ముత్యాల్లా రాసేవాడు. బడి వదిలాక షెడ్డులో చేరాడని విన్నాను, ఆ తర్వాత ఏమయ్యాడో తెలియదు. బస్సు వచ్చింది. ఆమె ఎక్కిపోయింది. నేను బస్టాపు బెంచీ మీద ఎంతసేపు కూర్చున్నానో.

తర్వాతి వారం ఆమె ఫారం తెచ్చి నా ముందు పట్టుకుని నిలబడింది. నింపుతానో లేదో చూద్దామని. నింపాను. 'సొంత' అన్న మాట వదిలిపెట్టలేదు.

మరి అతను రానని చెప్పొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. ఖైదీకి ఆ హక్కుంది. నేను అతన్నే అడిగాను. "ఎట్ల రానంట సార్? చూసింది అక్క ఒక్కతే. కోర్టుల చెప్పేది ఆమెనే" అన్నాడు. "మొదట్ల ఒక్కసారి అన్నది, సాక్ష్యం సంగతి ఆలోచిస్తున్న అని. ఏమో సార్. ఏదో ఒకనాడు మాట్లాడుతది. అక్క గద." ఈ మాట ఆమెకు చెప్పాను. పెదవి కొసన చిన్న నవ్వు వచ్చింది. "గా ఒక్క మాటకే సార్ ఇన్ని నెలలు వస్తున్నడు" అంది.

అతను నా దగ్గర గుణింతాల దాకా నేర్చుకుని ఉన్నాడు. ఆ తర్వాత ఒత్తులు నేర్పాలి. నేర్పలేదు. మిగతావాళ్లకు చెప్పేటప్పుడు అతన్ని కూరగాయల మడి దగ్గరికి పంపేవాణ్ని. "సార్, నాకు ఒత్తులు?" అంటే, తర్వాత చూద్దాం అనేవాణ్ని. ఒత్తులు రాకపోతే తెలుగులో ఏ ఉత్తరమూ సరిగ్గా చదవలేరు. పెళ్లాం ఎవరిచేతనో రాయించి పంపిన చీటీని పట్టుకుని సగం సగం కూడబలుక్కుంటూ కూర్చునేవాడు. నేను చూస్తూ ఊరుకునేవాణ్ని. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఏ పిల్లవాడికీ నేను అక్షరం దాచలేదు. ఇతనికి దాచాను. సిగ్గుపడుతున్నానని రాస్తే బాగుంటుంది, కానీ అప్పుడు సిగ్గనిపించలేదు.

జైలు లైబ్రరీలో చెదలు తిన్న లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటుండేది. తెల్లవాళ్ల కాలం నాటి జైలు నియమాలు. క్లాసుకు ముందు నేను అదే తిరగేసేవాణ్ని. ఏ గంటకు ఎవరిని లేపాలి, ఎవరికి ఎంత గింజ కొలవాలి, గేటు కాపలావాడు వచ్చినవాళ్లనెలా తడిమి చూడాలి, డాక్టరు రోజూ వచ్చి ఏం చూడాలి, అన్నీ రాసి ఉన్నాయి. వందేళ్లు దాటినా జైలు దినచర్య పెద్దగా మారలేదు. షెడ్డులో ఆమెకు ఆ సంగతులు చెప్పేవాణ్ని. అన్నిటికంటే ఆమె ఆసక్తిగా విన్నది ఒకటుంది. ఆ కాలంలో వాళ్ల దేశాల్లో ఊళ్లోవాళ్లు జైలుకు తమాషా చూడడానికి పోయేవాళ్లని, ఖైదీలు పనిచేస్తుంటే వరుసగా నిలబడి చూసేవాళ్లని వేరే చోట చదివాను. అది చెప్పాను.

"మరి ఎందుకు ఆపిన్రు సార్?"

"ఊరికే నిలబడి చూస్తే అదీ ఒక శిక్షే కదా చెల్లె. కోర్టు వేయని శిక్ష. అందుకని."

"అయితే నేను చేసేది పాత పద్ధతే అన్నట్టు" అంది.

ఆమె అద్దం దగ్గర చెప్పే మాటలు కొన్ని నాకు తెలుసు. ఆ కానిస్టేబులు సెలవు పెట్టినప్పుడల్లా నన్నే కూర్చోబెట్టేవాళ్లు. ఒక వారం, "మీ బావ చెప్పులు ఇంకా గడప కాడనే ఉన్నయ్." ఇంకో వారం, "మీ బావ అంగి ఉతికిన. గుండీ ఒకటి ఊడింది, కుట్టిన." ఎప్పుడూ ఒక్క మాటే, ఎప్పుడూ చివరి నిమిషంలోనే. తిట్టడం, శాపం పెట్టడం నేను వినలేదు.

అప్పుడు కరోనా వచ్చింది. ములాఖాతులు బంద్. బస్సులు బంద్. మగ్గాలు ఆగిపోయాయి. లింబాయత్ గల్లీల్లో ఎప్పుడూ ఉండే ఆ చప్పుడు లేకపోతే చెవులు గింగురుమనేవి. సగం మంది రైళ్లు ఎక్కి, కొందరు నడిచి, ఊళ్లకు పోయారు. ఆమె పోలేదు. మా ఇంటికి వచ్చి గుమ్మం బయటే నిలబడింది, మూతికి పాత చీర గుడ్డ కట్టుకుని.

"ములాఖాత్ మళ్ల ఎప్పుడు తెరుస్తరు సార్?"

తెలియదన్నాను. వారానికోసారి వచ్చి అదే అడిగేది. నెల తిరిగేసరికి మనిషి చిక్కిపోయింది. పని లేక తిండి తక్కువైందనుకుని బియ్యం ఇవ్వబోయాను. తీసుకోలేదు. "ఆకలి కాదు సార్" అంది.

ములాఖాత్‌కు బదులు ఖైదీలు ఇంటికి ఫోన్ చేసుకోవచ్చని పెట్టారు. అతను పెళ్లాంతో మాట్లాడేవాడు. కూతురు ముద్దుమాటలు వినేవాడు. ఇన్నాళ్లూ ఆమె అడ్డం నిలబడి దొరకనివ్వనిది, కరోనా ఇప్పించింది. అంతేకాదు, అక్క నంబరుకూ చేయడం మొదలుపెట్టాడు. ఆమె కోపంగా వచ్చి చెప్పింది.

"మాట్లాడుతున్నడు సార్! అద్దం కాడ నోరు లేవనోడు, ఫోన్ల గడగడ మాట్లాడుతున్నడు. చిన్నప్పుడు నువ్వే నన్ను సంకనెత్తుకున్నవ్ అక్కా అంటడు. ఆ దినం నా తల నా తాన లేదు అంటడు. ఏడుస్తడు. కండ్లు కనబడకపోయేసరికి పాణం లేసొచ్చింది వానికి."

"పెట్టెయ్యరాదు ఫోను?"

"పెట్టేస్తున్న" అంది. మూతిగుడ్డ సర్దుకుని, "మళ్ల చేస్తే ఎత్తుతున్న" అంది.

వానలు మొదలైన రోజుల్లో కోర్టు కాగితం పట్టుకుని వచ్చింది. జైల్లో జనం ఎక్కువైతే రోగం అంటుకుంటుందని కొందరిని కొన్నాళ్లపాటు బయటికి వదులుతున్నారు. ఇతను కూడా అర్జీ పెట్టాడు. ఫిర్యాదు చేసిన మనిషిగా నీకేమైనా అభ్యంతరం ఉందా అని అడిగారు. చదివి వినిపించి, అభ్యంతరం ఉందని రాయమంటావా అన్నాను. పెన్ను అప్పటికే చేతిలోకి తీసుకున్నాను.

"లేదని రాయుండ్రి."

నేను తలెత్తి చూశాను. కోర్టులో కూడా అందరూ ఆశ్చర్యపోయారట. అతని వకీలు ఆమెకు దండం పెట్టాడట. నేనూ ఆ నిమిషం, "నీది పెద్ద మనసు చెల్లె" అన్నాను.

"ములాఖాత్ బంద్ ఉంది గద సార్" అంది ఆమె. "లోపల ఉంటే నేనెట్ల చూడాలె?"

అతని పెళ్లాం అప్పుడు కోసాడ్‌లో సర్కారు ఆవాసాల్లో ఉండేది. ఒకేలా ఉండే బిల్డింగులు వరుసగా. కింది అంతస్తులో ఇల్లు. ఎదురు బిల్డింగు మెట్లు సరిగ్గా వాళ్ల తలుపుకు ఎదురుగా ఉంటాయి. అతను బయటికొచ్చిన రెండో రోజు నుంచి ఆమె ఆ మెట్ల మీద కూర్చుంది. పొద్దున వచ్చి కూర్చుని పొద్దు వాలే ముందు లేచేది. మూతికి గుడ్డ, పైన రెండు కళ్లు. ఎవరితోనూ గొడవ లేదు. చుట్టుపక్కలవాళ్లు మొదట, తమ్ముని మీద ఎంత పాణమో అన్నారు. తర్వాత ఆ మాట అనడం మానేశారు. పోలీసులకు చెప్తే ఏమని చెప్పాలి? మెట్ల మీద కూర్చుందనా?

నేనొకసారి పోయి చూశాను. ఆ ఉక్కలో కూడా వాళ్లింటి కిటికీలు మూసి ఉన్నాయి. వాన జల్లు ఆమె కాళ్ల మీద పడుతోంది. నేను పక్కన కూర్చుని, "ఎన్నాళ్లు చెల్లె ఇది?" అన్నాను. "వాడు బయట ఉన్నన్నాళ్లు" అంది.

అప్పుడే తలుపు తెరుచుకుని మరదలు వచ్చింది. చేతిలో నీళ్ల గ్లాసు, మడిచిన కాగితం. రెండూ ఆమె పక్కన మెట్టు మీద పెట్టింది. వెళ్లబోతూ ఆగింది. "వదినా, ఆయన అన్నం తింటలేడు. బాత్‌రూముకు పోవాలన్నా ముందు నన్ను చూసి రమ్మంటుండు, నువ్వున్నవా లేవా అని" అంది. గొంతులో ఏడుపు లేదు, పగ ఉంది. "నీకు సల్లగుందా?"

ఆమె నీళ్లు తాగింది. గ్లాసు కడిగినట్టు శుభ్రంగా బోర్లించి పెట్టింది. మరదలు లోపలికి పోయి తలుపేసుకుంది. అప్పుడు కాగితం విప్పి నా చేతికిచ్చింది. పెద్ద పెద్ద అక్షరాలతో ఒకటే వాక్యం. రాసింది రాసినట్టే చదివి వినిపించాను.

అక నను చూడకు.

"ఇదేంది సార్? అక అంట. నను అంట. గిట్లనేనా మీరు నేర్పింది?"

ఒత్తులు నేర్పలేదని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ఆమె నా చేతిలోంచి కాగితం తీసుకుంది. తర్వాత దాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుంది. నాకు అప్పుడు మా ఇద్దరికీ తేడా లేదనిపించింది. అలా అనిపించడం నాకు బాగానే ఉంది కూడా.

ఇంకా గడువు ఉండగానే ఒకరోజు పొద్దున అతను మా ఇంటికొచ్చాడు. గడ్డం పెరిగింది. చేతిలో బట్టల సంచి. "సార్, నాతోటి జైలు దాకా రారా?" అన్నాడు. దారి పొడవునా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. గేటు దగ్గర కానిస్టేబులు కాగితాలు తిరగేసి నవ్వాడు. ఇంకా నెలరోజులుందయ్యా, ఇంటి దగ్గర హాయిగా ఉండక ఎందుకొచ్చావు అని హిందీలో అడిగాడు. అతను నా వైపు తిరిగి తెలుగులో చెప్పాడు.

"లోపలైతే, ములాఖాత్ మళ్ల తెరిచినా వారానికి ఇరవై నిమిషాలే సార్."

మొదటి గేటు తెరిచారు. అతను లోపలికి పోయి, రెండో గేటు తీసేదాకా ఆ మధ్యలో నిలబడ్డాడు. భుజాలు కిందికి దిగాయి. చాలా రోజుల తర్వాత ఊపిరి పీల్చుకున్నవాడిలా ఉన్నాడు.

ఈ సంగతి ఆమెకు చెబితే పెద్దగా నవ్వింది. నేను ఆమె నవ్వు వినడం అదొక్కసారే. పళ్లు కనబడేలా నవ్వి, వెంటనే నోటికి గుడ్డ కట్టుకుంది.

చలికాలంలో ములాఖాతులు మళ్లీ కొన్నాళ్లు తెరిచారు. ఆమె వరుసలో మొదట నిలబడింది. అద్దానికి అటు అతను, ఇటు ఆమె, ఇద్దరి మూతులకూ గుడ్డలు. మళ్లీ రోగం ముదిరింది, మళ్లీ మూశారు. కేసు విచారణకు వచ్చే తేదీ వాయిదా మీద వాయిదా పడింది. "నా సాక్ష్యం ఎప్పుడు తీసుకుంటరు సార్? అన్నీ మతిలో ఉన్నయ్, ఒక్కటి మరువలే" అనేది. వకీలు ఆశపెట్టిన తేదీకి వారం ముందు ఆమెకు జ్వరం వచ్చింది. పక్కింటివాళ్లు పెద్ద దవాఖానాలో చేర్చారు. లోపలికి ఎవరినీ పోనివ్వలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి చప్పుడు.

"సార్, వాడు మంచిగున్నడా? లోపల గూడ వచ్చిందంట గద రోగం."

బాగానే ఉన్నాడన్నాను.

"సార్. వానికి చెప్పుండ్రి." చాలాసేపు ఏమీ వినబడలేదు. కట్టయిందనుకున్నాను. "ఇగ సాలు అన్నదని చెప్పుండ్రి. మీ అక్క ఇగ సాలు అన్నదని."

సరే చెల్లె, చెప్తాను అన్నాను. ఆ తర్వాత ఆమె ఫోన్ ఎవరూ ఎత్తలేదు. మర్నాడు పొద్దున గ్రూపులో ఫొటో వచ్చింది.

చూసిన మనిషి లేకపోయేసరికి కేసు నిలబడలేదు. రాడు మీద వేలిముద్రలు సరిగ్గా తీయలేదన్నారు. షెడ్డులో మిగతావాళ్లు మేం చూడలేదన్నారు, అది నిజమే. మరుసటి ఏడు అతన్ని వదిలేశారు. నా విద్యార్థిని చంపినవాడు కోర్టు మెట్లు దిగి, కోసాడ్ ఆటో ఎక్కి, ఇంటికి పోయాడు.

పది రోజులకు మా ఇంటికి వచ్చాడు. ఒళ్లు చేసింది. శుభ్రమైన అంగి వేసుకున్నాడు. హజీరా వైపు ఒక కంపెనీలో కాంట్రాక్టరు కింద పని దొరికిందని చెప్పాడు. కూర్చోమన్నాను. మంచినీళ్లిచ్చాను. గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు తిప్పుతూ కూర్చున్నాడు.

"సార్, ఆఖరుకు అక్క మీతోటి మాట్లాడిందని ఆమె పక్కింటోళ్లు చెప్పిన్రు. నా గురించి ఏమన్న అన్నదా?"

ఇన్నేళ్లు పిల్లల మొహాలు చూసినవాణ్ని, ఎవరు ఏ జవాబు కోసం అడుగుతున్నారో నాకు తెలుస్తుంది. ఆ రెండు మాటలు చెబితే అతను ఆ రోజు నిద్రపోతాడు. ఆ మర్నాడూ పోతాడు. ఇంక రోజూ పోతాడు. ఆమె నాకు అప్పగించిన మాట అది, నాది కాదు, దాచుకునే హక్కు నాకు లేదు. అంతా తెలుసు. కిటికీ పక్కన కూర్చునే పిల్లవాడు కూడా తెలుసు. అది ఆమె మాట కాదు, జ్వరం మాట అని నాకు నేను చెప్పుకున్నాను.

"ఏమీ అనలేదు" అన్నాను.

"ఒక్క మాట గూడ అనలేదా సార్?"

"ఒక్క మాట కూడా అనలేదు."

గ్లాసు కింద పెట్టి లేచాడు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగాడు. ఆ తర్వాత రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ అదే అడిగాడు, నేనూ అదే చెప్పాను. మళ్లీ వస్తాడు. రానివ్వండి.